కుందా కోసం దాచిన చెయ్యి

మా మావయ్య ఆశీర్వాదం పోయాక చర్చిలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు ఆయన మంచితనానికి నన్ను సాక్ష్యంగా చూపించారు. "తల్లి పోయిన మేనకోడల్ని తెచ్చుకుని కన్నకూతురి కన్నా ఎక్కువగా పెంచారు. ఆ పిల్ల చేత ఒక్క గిన్నె కడిగించలేదు. ఇదిగో, మన సువార్తమ్మ ఇక్కడే కూర్చుని ఉంది" అన్నారు. అందరూ నావైపు తిరిగారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, నేను ఎప్పుడు ఏడుస్తానా అని చూశారు. నేను ఏడవలేదు. పాస్టరు గారు చెప్పింది సగం నిజం. కొన్నేళ్ల పాటు ఆ ఇంట్లో నేను గిన్నె ముట్టలేదు. ఎందుకు ముట్టనివ్వలేదో, ఆ తర్వాత ఎప్పుడు ముట్టానో ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు. గిన్నెలు తోమితే చెయ్యి గరుకెక్కుతుంది. చెయ్యి గరుకెక్కితే తుపాకీ కర్ర మీద గీతలు పడతాయి. ఆ మంచితనం వెనక ఉన్నదంతా అదే. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని ఆ రోజు కాఫీ కప్పులు పట్టుకుని నాతో చాలామంది అన్నారు. ఉన్నప్పుడు కోపం పెట్టుకుంటే మాత్రం వీళ్లు ఊరుకున్నారా? అందుకని ఆ కోపాన్ని ఇక్కడ రాస్తున్నాను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవాటిని పొగడ్తలకి వాడే ఉద్దేశం లేదు.

మాది సోంపేట దగ్గర సముద్రం పక్క ఊరు. అమ్మ పోయిన కొన్నాళ్లకే నాన్న మళ్లీ పెళ్లికి సిద్ధపడ్డాడు. అప్పుడు అమ్మ అన్న వచ్చి నన్ను రైలెక్కించి కలకత్తా తెచ్చాడు. వాట్‌గంజ్‌లో రేవు పనివాళ్ల లైను ఇళ్లు. మా వరసలో తెలుగువాళ్లం, ఎదుటి వరసలో బీహారు వాళ్లు, కుళాయి దగ్గర అందరం. ఒక గది, దాని ముందు ఇరుకు వరండా. ఆ గదిలో మావయ్య, ఎస్తేరు అత్త, వాళ్ల కొడుకు ప్రకాశం బావ, నేను. పొద్దున్న బొగ్గుల కుంపట్ల పొగ, మధ్యాహ్నం గంగ మీంచి వచ్చే బురద వాసన, సాయంత్రం పక్కింటి ఆవనూనె చేపల పులుసు. వీటన్నిటి కింద ఎప్పుడూ తగ్గని వాసన ఒకటుండేది, అవిసె నూనెది. పరుపుల్లో, దుప్పట్లలో, అన్నంలో కూడా అదే. ఆ వాసన తగిలితే ఇప్పటికీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. చిన్ననాటి వాసనలంటే మనసు కరిగిపోతుందని చెప్పేవాళ్లను చూస్తే, వీళ్లది ఏ ఇల్లో అనుకుంటాను.

మావయ్య మొదట రేవులో వడ్రంగి. తర్వాత ఊళ్లో, పెద్ద ఆఫీసులున్న వైపు, ఒక తుపాకుల దుకాణంలో చేరాడు. దాని యజమానిని అందరూ బాబు అనే పిలిచేవాళ్లు. ఇనుప పని దుకాణం దాటి బయటకు వచ్చేది కాదు. భుజానికి ఆనించుకునే కర్ర భాగాన్ని కుందా అంటారు. దాన్ని విడదీసి, గోనె గుడ్డలో చుట్టి, మావయ్య ట్రాములో ఇంటికి తెచ్చేవాడు. ఎన్నికలు వచ్చాయంటే మాకు పని పెరిగేది. లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్లు ఓట్లు అయ్యేదాకా వాటిని అప్పజెప్పాలి. కొందరు పోలీసు స్టేషనులో పెడితే కొందరు దుకాణంలో పెట్టేవాళ్లు. ఊరికే పడి ఉన్నవాటిని చూపించి, కర్ర వెలిసిపోయింది, నూనె పట్టిద్దాం అని బాబు వాళ్లను ఒప్పించేవాడు. ఊళ్లో ఎర్రజెండాలతో ఊరేగింపులు తిరుగుతుంటే, మా వరండాలో కుందాలు గోడకి ఆనుకుని వరసగా ఉండేవి, చావింటికి వచ్చిన చుట్టాల్లాగా. మావయ్య కూడా ఆ ఊరేగింపుల్లో నడిచేవాడు. పనివాళ్ల హక్కుల కోసం మైదానం దాకా అరుచుకుంటూ వెళ్లి, గొంతు పోగొట్టుకుని తిరిగి వచ్చేవాడు. కాళ్లు కడుక్కుని, ఆ పోయిన గొంతుతోనే, "కుందా ఎంతదాకా వచ్చినాదే?" అని నన్ను అడిగేవాడు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పాత వార్నీషుని మావయ్య పగిలిన గాజు పెంకు అంచుతో గీకేవాడు. తర్వాత తడిగుడ్డతో తుడిచి కుంపటి సెగకి చూపించేవాడు. తడి తగిలితే కర్రలో పడుకున్న పీచు లేచి నిలబడుతుంది. ఆరగానే ఉప్పుకాగితంతో దాన్ని కొట్టేయాలి. మళ్లీ తడి, మళ్లీ సెగ, మళ్లీ కాగితం, పీచు ఇక లేవనని మొండికేసేదాకా. అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ తర్వాతది చేతి పని. కాచిన అవిసె నూనెలో రతన్‌జోత్ వేరు నానబెడితే ఎర్రరంగు దిగుతుంది. ఆ నూనె ఒక్క చుక్క వేసి అరచేత్తో రుద్దాలి. గుడ్డ పనికిరాదు, దూది పనికిరాదు. బొటనవేలి కింద కండ ఉంటుందే, దాన్ని ఆనించి, చెయ్యి కాలేదాకా రుద్దాలి. ఆ వేడికి నూనె కర్రలోకి దిగాలి, పైన ఏమీ మిగలకూడదు. చుక్క ఎక్కువైతే పైన జిగురు కడుతుంది. పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ ఇంకో చుక్క. కలకత్తా వానల్లో ఒక్కో పూత ఆరడానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఇలా పూత మీద పూత పడితే కర్రకి ఒక మెరుపు వస్తుంది. అది అద్దంలాగా పైపైన మెరవదు, లోపల దీపం ఉన్నట్టు ఉంటుంది. అది అందంగా ఉండేదని ఒప్పుకుంటాను. నేను ద్వేషించింది ఆ కర్రని కాదు.

మొదట్లో ఆ రుద్దుడు పని అత్తది. నేను వచ్చిన కొత్తలో ఒక రోజు ఆటలాగా ఆమె పక్కన కూర్చుని రుద్దాను. మావయ్య చూశాడు. కర్ర మీద వేలు పెట్టి చూసి, నా చెయ్యి పట్టుకుని తన చెంపకి ఆనించుకున్నాడు. "ఓలమ్మో, ఇదేటే ఈ గుంట సెయ్యి! నిప్పు గదే!" అన్నాడు. అమ్మ పోయాక నా చెయ్యి ఎవరూ అలా పట్టుకోలేదు. ముద్దు చేస్తున్నాడనుకున్నాను. ఆ రాత్రి అదే చేతిని నా చెంప కింద పెట్టుకుని పడుకున్నాను. ఆయన మిగతావి ఏవి చేసినా మర్చిపోతానేమో గాని, ఆ ఒక్క సంగతి మాత్రం మర్చిపోలేను. తల్లి లేని పిల్ల చేతిని ఆయన కొలిమిలో నిప్పు చూసుకున్నట్టు చూసుకున్నాడు, నేనేమో దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోయాను.

మర్నాటి నుంచి నా కుడిచేతికి కట్టుబాట్లు మొదలయ్యాయి. గిన్నెలు ముట్టకూడదు. బట్టలు ఉతకకూడదు. బొగ్గు, బూడిద, ఇసక, ఉప్పు ఏవీ తాకకూడదు. కుళాయి దగ్గర బకెట్టు మొయ్యకూడదు, కాయలు కాస్తాయి. గచ్చకాయలు ఆడకూడదు. పసుపు, కారం, ఆవనూనె చేతికి అంటుతాయి గనక అన్నం చేత్తో తినకూడదు. నాకోసం ఒక ఇత్తడి చెంచా కొన్నాడు. ఆ లైనులో చెంచాతో తినే మనిషి నేనొక్కదాన్నే. పక్కింటి ఆడవాళ్లు కంచాలు పట్టుకుని వరండాలోకి వచ్చి మరీ చూసేవాళ్లు. "రండర్రా, దొరసానమ్మ తిండికి కూకుంది!" అని ఒకామె కేకేసేది. "ఏటే సువార్తా, సాంబారు కూడా సెంచాతోనేటి? తర్వాత నోరు తుడవడానికి నానొచ్చీనా?" అని ఇంకొకామె. నేను తలవంచుకుని తినేదాన్ని. చెంచాతో తిన్న అన్నానికి రుచి ఉండదు. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు, కాని చేత్తో కలుపుకోని అన్నం ఆకలిని చంపుతుంది తప్ప కడుపు నింపదు.

నా జుట్టుకి నూనె నేను రాసుకోకూడదు. అది అత్త పని. ఆమెకి నేనంటే ఎంత మంటో ఆమె దువ్వెనకి తెలుసు. గిన్నెలన్నీ ఆమె, బట్టలన్నీ ఆమె, నీళ్లన్నీ ఆమె, చివరికి నా జడ కూడా ఆమే. దానికి తోడు నన్ను ఎక్కడ కోడలిగా కట్టబెడతాడోనని ఒక భయం. నా తల వెనక్కి లాగి, కొబ్బరినూనె పట్టిస్తూ, "నా కన్నతల్లికి నాను ఏనాడూ జడెయ్యనేదు. నీకు ఏత్తన్నాను. కదలకు" అనేది. ఒకసారి జుట్టు చిక్కుపడి నేను అరిస్తే, "నీ మావకి నీ సేతులు కావాల. మరి నాయి సేతులు కావేటి?" అంది. ఆమె అడగవలసిన మనిషి వరండాలో కూర్చుని బీడీ కాల్చుకుంటున్నాడు. ఆయన్ని అడిగే ధైర్యం లేక నన్ను అడిగేది. ఇప్పుడు నాకు ఆమె మీద ఉన్న కోపం ఆ కాస్తే, ఆ ధైర్యం లేకపోవడం మీద.

మా చర్చిని గుడి అనేవాళ్లం; దాని వరండాలో దీనమ్మ టీచరు సాయంత్రాలు పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పేది. బెంగాలీ బడికి పోయే ప్రకాశం బావ, నేను తప్ప లైనులో పిల్లలందరూ వెళ్లేవాళ్లు. ఆదివారం ఆరాధనలో వాళ్లు పాటల పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని, చూసి పాడేవాళ్లు. నాకూ ఒక పుస్తకం ఇచ్చేవాళ్లు. పక్కపిల్ల పేజీ తిప్పినప్పుడల్లా నేనూ తిప్పేదాన్ని. ఒకసారి నా పుస్తకం తలకిందులుగా ఉందని ఆ పిల్ల దాన్ని సరిగ్గా తిప్పి పెట్టింది. ఏమీ అనలేదు, నవ్వలేదు, పాట కూడా ఆపలేదు. దొరసాని అని వెక్కిరించినప్పుడు రాని ఏడుపు ఆ పిల్ల పుస్తకం తిప్పినప్పుడు వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఒకటే కోరిక, చదవడం రావాలి. టీచరుకి చెప్పాను. ఆమె అదే వారం మా ఇంటికి వచ్చింది.

"ఆశీర్వాదం గారూ, ఈ పిల్లని పంపండి. వయసు మీరిపోతోంది" అంది టీచరు, గుమ్మంలో నిలబడే.

"పంపడానికేటమ్మా, నాకేటి కష్టమా?" అన్నాడు మావయ్య. "బలపం పిండి ఉన్నాది కదా. సేతి గీతల్లో దూరీసిందంటే సబ్బుకి పోదు. కర్ర మీద గీత పడ్డాదంటే బాబు నన్ను బతకనిత్తాడా?"

"ఎడం చేత్తో రాయిస్తాను."

"ఎడం సేత్తో కుందా పట్టుకోవాల గదమ్మా."

"అయితే కాలితో రాయించనా?"

లోపల అత్త కిసుక్కున నవ్వింది. మావయ్య ఆ నవ్వు వినపడనట్టే, "కాలితో రాసినా సదువు సదువే గదేటి" అన్నాడు.

"పెన్సిలిస్తాను. కాగితం మీద రాస్తుంది. పెన్సిలుకి పిండి రాలదు. ఇంకేమైనా ఉందా?" అంది టీచరు. మావయ్య బీడీ కింద పడేసి నలిపాడు. ఇంకేమీ లేదు. అప్పుడు ఆయన చెయ్యెత్తి, "సరే అమ్మా. బాబు జంట కుందాలు ఇచ్చినాడు. అయి అప్పజెప్పీసిన వారమే ఈ గుంట మీ కాడుంటాది. బైబిలు సాచ్చిగా సెప్తన్నాను" అన్నాడు. టీచరు నా తల నిమిరి వెళ్లింది. నేను ఆ రోజు రెండుసార్లు ప్రార్థనకి మోకరించాను.

ఆ జంట కుందాలు వర్ధమాన్ వైపు పాత జమీందారీ ఇంటి అన్నదమ్ములవి. ఒకే అక్రోటు చెట్టు నుంచి కోసినవట. రెండూ ఒకే రంగులో, ఒకే మెరుపులో రావాలి, ఏది ఎవరిదో తేడా తెలియకూడదు. ఒకదానికి ఎన్ని చుక్కలు పడితే రెండోదానికీ అన్నే, ఒకటి ఎంతసేపు రుద్దితే రెండోదీ అంతే. నా జీవితంలో నేను ఇష్టంగా చేసిన కుందా పని అదొక్కటే. రుద్దుతూ లోలోపల, టీచరు పిల్లల చేత వల్లె వేయించే అక్షరాలు అనుకునేదాన్ని, అక్షరం చూడకుండా, చెవికి వచ్చినంత మేరకు. మొదటిది పూర్తయి గూట్లోకి ఎక్కింది. రెండోదానికి ఆఖరి పూత మిగిలింది. మావయ్య దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, "నీ సెయ్యి బంగారమే" అన్నాడు.

ఆ ఆఖరి పూత వెయ్యాల్సిన పొద్దున, అత్త తలంటు పోసుకుని గుమ్మంలో జుట్టు ఆరబెట్టుకుంటోంది. నూనె గిన్నె నాముందుకు తోసి, "నా నడుం ఇరిగిపోతన్నాది. ఈ పాలి నీ జుట్టు నివ్వే సూసుకో. రేపో మాపో బడికెల్లే దానివి, ఇంకా నానే ఎయ్యాలేటి?" అంది. నాకు రెక్కలొచ్చినట్టు అయింది. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని, ఆ చల్లదనం చూసుకుని, తలంతా పట్టించుకుని, జడ నేనే వేసుకున్నాను. వంకరగా వచ్చింది. తర్వాత బట్టల సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఒకటికి రెండుసార్లు కడుక్కున్నాను. మధ్యాహ్నం కూర్చుని రెండో కుందాకి ఆఖరి పూత వేశాను.

అవిసె నూనె ఆరి గట్టిపడుతుంది. కొబ్బరినూనె ఎన్నటికీ ఆరదు. నా అరచేతి గీతల్లో సబ్బుకి లొంగకుండా మిగిలింది ఎంతో నాకు తెలియదు గాని, ఆ పూత ఆరలేదు. మూడు రోజులు చూశాం. వేలు పెడితే వేలి గుర్తు పడేది. మావయ్య మొదట వానని తిట్టాడు, తర్వాత నూనె అమ్మినవాణ్ని తిట్టాడు. నాలుగో రోజు కుందాని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కుందా కింద పెట్టి నా అరచెయ్యి లాక్కుని వాసన చూశాడు. ఆ తర్వాత నా జడ పట్టుకుని వాసన చూశాడు. ఆ మూడూ ఆయన చాలా నెమ్మదిగా చేశాడు. అత్త బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు.

"కొబ్బరినూనె!" అని అరిచాడు. "మల్లీ మొత్తం గీకీయాల. గీకితే రంగు కలవదు, జంట పోనాది. బాబు ఇంక నా గుమ్మం కాడికి కర్ర పంపుతాడేటి? వచ్చే నెలకి ఒప్పీసుకున్న కుందాలు, పై నెలకి ఒప్పీసుకున్నాయి, సలికాలం దాకా ఒప్పీసుకున్నానే, అన్నీ పోనాయే!"

నాకు కొట్టేస్తాడన్న భయం కూడా పోయింది. ఆ మాటలు ఒక్కొక్కటీ విడివిడిగా వినబడ్డాయి. "వచ్చే నెల నేను బడిలో ఉంటాను కదా మావా? మరి అవన్నీ ఎవరు రుద్దుతారని ఒప్పుకున్నావు?" అని అడిగాను.

ఆయన కొట్టాడు. చెంప మీద కొట్టాడు, వీపు మీద కొట్టాడు. చేతులు అడ్డం పెట్టుకోబోతే, నా కుడిచెయ్యి పక్కకి తప్పించి మరీ కొట్టాడు. అంత కోపంలో కూడా ఆ చెయ్యి ఆయనకి జాగ్రత్తే.

కాని దాన్ని దాచి లాభం లేకపోయింది. గీకిన కుందా రంగు మారింది. జంట కలవలేదని ఆ అన్నదమ్ములు దుకాణంలో గొడవ చేశారట. బాబు ఇళ్లకి కర్ర పంపడం మానేసి, పనంతా దుకాణం వెనక గదిలోనే చేయించుకున్నాడు. మావయ్యకి ఉద్యోగం ఉంది, మా వరండా మాత్రం ఖాళీ అయింది. కర్ర రావడం ఆగిన సాయంత్రమే అత్త ఇత్తడి చెంచా తీసి గూట్లో పడేసి, కొబ్బరిపీచు, బూడిద నాముందు పెట్టింది. కుళాయి దగ్గర ఇద్దరం పక్కపక్కన కూర్చుని గిన్నెలు తోమాం. నేను ఏడుస్తూ తోముతుంటే ఆమె కాసేపు చూసింది.

"నాను నీ సదువు సెడగొట్టానని అనుకుంతన్నావు కదేటి?" అంది. "నీకు రానే రాని సదువు ఎలాగ సెడుతాది? ఆడు సలికాలం దాకా పని ఒప్పీసుకున్నాడని నాకు ముందే తెలుసు. నాకు గిన్నెల కాడ ఇంకో సెయ్యి కావాల. తెచ్చుకున్నాను. అంతే."

అంతే అంది. తర్వాత నా ముందున్న పెద్ద గిన్నె తన వైపు లాక్కుని, చిన్నది నాకు తోసింది. ఆమె నన్ను ప్రేమించలేదు, ప్రేమించినట్టు నటించనూ లేదు. ఆ ఇంట్లో నాకు ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. టీచరు మళ్లీ వచ్చినప్పుడు నేను తలుపు వెనక బూడిద చేతులతో నిలబడి ఉన్నాను. బలపం పిండి అడ్డం లేదు ఇప్పుడు, కుందాలు లేవు, చెయ్యి ఎలా పోయినా ఎవరికీ నష్టం లేదు. మావయ్య గుమ్మంలో నిలబడి, చాలా మర్యాదగా, "పిల్లే రానంతందమ్మా. మనమేటి సేత్తాం?" అన్నాడు. నేను బయటకి రాబోతే ఎడం చేత్తో తలుపు నొక్కి పట్టుకున్నాడు. టీచరు చెప్పుల చప్పుడు లైను చివరిదాకా వినబడింది. నా చదువు ఆపడానికి ఇంక కుందా సాకు కూడా అక్కర్లేకపోయింది. ఎందుకు పంపలేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. నా నోటి వెంట ఆ ప్రశ్న వచ్చింది గనక, దానికి శిక్షగా పంపలేదనుకుంటాను.

తర్వాత నన్ను కార్పొరేషనులో రోడ్లు ఊడ్చే మనిషికి ఇచ్చారు. మంచివాడు, అతనికీ చదువు లేదు. ఇద్దరం వేలిముద్రలతో బతికాం. అతను పోయాక, గుడికి కొత్తగా వచ్చిన అనూష అనే అమ్మాయి నాకు అక్షరాలు నేర్పింది. హైదరాబాదు పిల్ల, న్యూ టౌన్‌లో కంప్యూటరు ఉద్యోగం. ఆదివారాలు ఆరాధన అయ్యాక కూర్చోబెట్టేది. "ఆంటీ, అంత గట్టిగా నొక్కకండి, కాగితం చిరిగిపోతోంది. అరచెయ్యి పైకెత్తండి" అనేది. నాకు చెయ్యి ఎత్తి రాయడం వచ్చేది కాదు. బొటనవేలి కింద కండ కాగితానికి ఆనించి, కిందికి తోస్తూ రాసేదాన్ని. ఇప్పటికీ నా రాత కింద కాగితం పల్లం పడుతుంది. నాకు అక్షరాలు వచ్చే సమయానికి మా వాళ్లలో పిల్లలకి పోయాయి. వాళ్లు తెలుగు ఇంట్లో మాట్లాడతారు, చదవలేరు. ఆ రోజుల్లో కట్టుబాట్లు ఉండేవి, పెద్దలంటే భయం ఉండేది అని మా గుడిలో ముసలివాళ్లు నిట్టూరుస్తారు. ఇప్పటి పిల్లలు పెద్దల మీద అరుస్తారు, తలుపులు విసిరేస్తారు, ఫోను చూస్తూ తింటారు. నాకు ముచ్చటగా ఉంటుంది. ఏ పిల్ల చేతినీ ఎవరూ వాసన చూడటం లేదు.

కూడిక అయిన రెండో వారం ప్రకాశం బావ కారు పంపించి నన్ను న్యూ టౌన్‌లోని తన ఫ్లాటుకి పిలిపించాడు. అత్త ఎప్పుడో పోయింది. బావ బెంగాలీ బడిలో చదివాడు, మంచి ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సోఫాలో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, కాగితం, పెన్సిలు నాముందు పెట్టాడు.

"నాన్న సమాధి రాయి తెలుగులోనే ఉండాల. మనింట్లో తెలుగు రాయడం ఇప్పుడు నీకొక్కదానికే వచ్చు. ఎంత విచిత్రమో సూడు!" అని నవ్వాడు. "ఓ నాలుగు మంచి ముక్కలు రాయే. పెద్దాయన కదా, ఖూబ్ భాలో మానుష్, శానా మంచి మనిషి."

నేను రాయడం మొదలుపెట్టాను. అరచెయ్యి ఆనించి, నొక్కి, తొందర లేకుండా రాశాను. బావ గౌరవంగా చూస్తూ కూర్చున్నాడు. అయిదు లైన్లు వచ్చాయి. "సదువు" అన్నాడు. చదివాను. పేరు ఆశీర్వాదం. సోంపేట దగ్గర పుట్టాడు. మేనకోడల్ని బడికి పంపుతానని మాట ఇచ్చి పంపలేదు. తుపాకుల దుకాణంలో పనిచేశాడు. భార్య ఎస్తేరు, కొడుకు ప్రకాశం.

బావ ముఖం ఎర్రబడింది. "ఏటే ఇది? చచ్చిపోయిన మనిషి మీదా? ముసల్దానివైపోయినా నీకు ఆ కుళ్లు పోనేదేటి?"

"నువ్వు రాయమన్నావు, రాశాను. నిజం కాదంటావా?"

కాదని అనలేడు. మావయ్య టీచరుని పంపేసిన రోజు తలుపు ఇవతల నా పక్కన ఆయనా ఉన్నాడు, పుస్తకాల సంచీతో. కాగితం నా దగ్గర నుంచి లాక్కున్నాడు, పెన్సిలు తీసుకున్నాడు. "ఆ లైను తీసీ. ఏదే అది? సూపించు, కొట్టీస్తాను."

నేను చూపించలేదు. పెన్సిలు మొన మొదటి లైను మీద ఆగింది, కింది దానిమీదికి దిగింది, మళ్లీ పైకి వెళ్లింది. తన తండ్రి పేరు ఆ కాగితంలో ఎక్కడుందో ఆయనకి తెలియడం లేదు. తప్పు లైను కొట్టేస్తే ఆ పేరే పోతుందేమోనని గీత గీయలేకపోతున్నాడు.

"సెప్పవే సువార్తా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"టీ చల్లారిపోతోంది బావా, తాగు" అన్నాను.